తేడా

అటకామా ఎడారిలో మా గుమ్మటం కట్టిన చోట
వాన పడిన సంగతి ఎవరికీ గుర్తులేదు.
ఎర్రమట్టి, ఉప్పు, రాత్రయితే ఎముకల్లోకి దిగే చలి.
అంగారకుడికి ఇంతకంటే దగ్గరి చుట్టం
భూమ్మీద మాకు దొరకలేదు.
ఆరుగురం. పద్నాలుగు నెలలు.
తలుపు మూశాక బయటినుంచి గుక్కెడు నీళ్ళు కూడా రావు.

నాది నీళ్ళ పద్దు.

డబ్బుని నీళ్ళలా ఖర్చుపెట్టడం అంటారే,
ఇక్కడ ఆ మాటని చొక్కాలా తిరగేసి తొడుక్కోవాలి.
రదోమీరో చెమట జమ.
బంగాళాదుంప ఆకులు వదిలిన ఆవిరి జమ.
మూత్రం మూడు వడపోతలు దాటి
మర్నాటికి టీ అవుతుంది.
మొదటి వారం మొహాలు చిట్లించాం,
రెండో వారం చక్కెర చాల్లేదని పోట్లాడుకున్నాం.

ఒక రాత్రి ఎవరో ఏడ్చారు.
ఎవరని ఎవరూ అడగలేదు.
పొద్దున చల్లగొట్టం కింది పళ్ళెంలోకి
ఆ ఏడుపు కూడా చుక్కలుగా దిగే ఉంటుంది,
తలా కాస్త తాగే ఉంటాం.

తొంభై మూడో రోజునుంచి తేడా.
రోజుకి నలభై మిల్లీలీటర్లు.
గుక్కే కదా అనకండి.
ఏడాదికి పద్నాలుగున్నర లీటర్లు,
అక్కడికి వెళ్ళాక
చెంబు పట్టుకుని అడగడానికి పక్కిల్లు ఉండదు.

గొట్టాల కీళ్ళన్నీ విప్పాను.
రబ్బరు చుట్టలు మార్చాను.
గోడకి చెవి ఆనించి, దొంగని పట్టేవాడిలా, విన్నాను.
మీటరు అబద్ధమాడుతోందని మీటరునే మార్చాను.
కొత్తదీ అదే మాట అంది.

దొరికింది, రాత్రి మూడింటికి.
రెండు తలుపుల మధ్య,
బయటికెళ్ళే ముందు గాలి మార్చుకునే ఇరుకు గదిలో
మోకాళ్ళ మీద కూర్చుని
పంటలు చూసే ఎవులాలియా చోకే.
ఆమె ముందు ఒక చేపల డబ్బా,
డబ్బాలో గుప్పెడు మట్టి, ఏడెనిమిది ఆకులు.
మా జాబితాలో లేని మొక్క.
తినడానికి పనికిరాదు.
అది ఇచ్చే ప్రాణవాయువు లెక్కలోకే రాదు.

"నా బూటు కుట్లలో ఇరుక్కుని వచ్చింది విత్తనం.
నేను తాగే వాటాలోంచే పోస్తున్నాను.
లోపల పెడితే పీకేస్తావు కదా నువ్వు."

పీకేసేవాణ్ణే.

బయటి తలుపు తెరిచినప్పుడల్లా
దాని ఆవిరి ఎడారిలో కలిసిపోతోంది.
నా చిల్లు అదీ.
పద్దు మూసేసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.
ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
గది ఇరుకు, మోకాళ్ళు తగులుతున్నాయి.

ఆ తర్వాత అందరికీ తెలిసింది.
బయటికెళ్ళేవాళ్ళు లావుపాటి చేతితొడుగుతోనే
ఓ ఆకుని తాకి వెళ్ళేవాళ్ళు.
పూస్తుందని చూశాం.
పూయలేదు.
రెండువందల పదకొండో రోజున వాడిపోయింది.
తేడా సున్నా అయింది.
ఆ సున్నాని పద్దులో వెయ్యడానికి
మధ్యాహ్నం దాకా చెయ్యి రాలేదు.

ఇప్పుడు ఆంతోఫగాస్తాలో, మూడో అంతస్తులో,
అసలు ఇంటికి నక్షా గీస్తున్నాను.
నష్టాల గళ్ళో నలభై మిల్లీలీటర్లు వేశాను.
దేనికన్నారు.
గడపకి అని రాశాను.
కొట్టేశారు.
రెండోసారి, రబ్బరు చుట్టల అరుగుదల కింద చూపించాను.
ఎవరూ ఏమీ అనలేదు.

రెండు తలుపుల మధ్య, వెలుతురు పడే మూల,
చేపల డబ్బా పట్టేంత అర కూడా ఒకటి గీశాను,
ఏ పరికరానికో రాయకుండా.