కూర్మయ్య సెప్పిన ఇంగ్లీసు

నైటుషిఫ్టు దిగితే ఆదివారం.
నెల్లిమర్ల నించి ఇజీనారం,
ఒక సైకిలు, ఇద్దరం.
జుట్టు నిండా గోగునార నూగు.
తెర మీద ఆడి జుట్టూ అలాగే ఉండీది,
అందుకే గావాల
ఆ ముసిలి హీరో మాకు నచ్చీసినాడు.

ఆడి పేరు నోరు తిరగలేదు.
'పెద్దాడు' అనుకునీవోళ్ళం.
పెద్దాడి బొమ్మొస్తే మార్నింగు షో, నేల టిక్కెట్టు.
నా ఎడం సెవిలో కూర్మయ్య
ఇంగ్లీసు సెప్పీవోడు.

"బాకీ తీర్చమంటన్నాడు."
"కూతురు మాటాడ్డం మానేసింది, పాపం."
"సూడెహె, మనిసికి సెప్పలేక
గుర్రానికి సెప్పుకుంటన్నాడు."

ఓడ బొమ్మ, కోర్టు బొమ్మ,
మంచు మీద ఒక్కడూ నడిసీ బొమ్మ.
అదే నాకు పేణం.
అందులో పెద్దాడు ఆగి,
ఎనక్కి సూసి, ఏదో అన్నాడు.
కూర్మయ్య సానాసేపు పలకలేదు.
"ఆడి మిల్లు మూసేసినార్ట" అన్నాడు.

రెండేళ్ళకి మాదీ మూసేసినారు.
గేటుకి కాయితం అంటించినారు.
అది తెలుగే.
అయినా కూర్మయ్యే సెప్పాల్సొచ్చింది నాకు.

మొన్న మనవడు ఫోనులో ఆ బొమ్మ ఎట్టినాడు,
కింద తెలుగు అచ్చరాలు.
మంచులో పెద్దాడు ఆగినాడు,
ఎనక్కి సూసినాడు.
మనవడు సదివినాడు:
"చలిగా ఉంది. పద."

అంతేనేటి?

అచ్చరాలు తీసీమన్నాను.
మొదట్నించి ఎట్టమన్నాను.
ఎడం పక్క కాస్త జాగా ఒదిలి
కూకున్నాను.