పది నిమిషాలు

టెక్కలి హైవే మీద, వేబ్రిడ్జి దాటాక మా షెడ్డు.
షెడ్డు లోపల ఇంకో గది.
దాని గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి.
కొత్తవాళ్ళు దేవుడి గది అనుకుంటారు.
ఉండేది ఒక టెస్టింగ్ బెంచీ, ఒక ట్యూబులైటు,
తడిగుడ్డతో తుడిచిన నేల.
ఫ్యాను పెట్టనివ్వలేదు తవిటయ్య మేస్త్రి.
"గాలాడితే దుమ్మాడతాది."

బయటంతా రాయి కోసిన పిండి.
రేకుల మీద, జీడితోటల మీద,
టీ గ్లాసులో, నా జడలో.
ఇంజెక్టరు లోపలి సందు
తలవెంట్రుకలో ఇరవయ్యో వంతని
ఐటీఐలో నేను చదివాను.
మేస్త్రి చదవలేదు.
"ఒక్క రేణువు సాలు, గొంతులో సేపముల్లే" అన్నాడు.
జడకి గుడ్డ చుట్టుకోవడం ఆ రోజు మొదలెట్టాను.

ఆ రాత్రి పదకొండింటికి
వీపు మీద గ్రానైటు బండతో ఒక ట్రైలరు
దగ్గుకుంటూ వచ్చి ఆగింది.
"బేగి చూడమ్మా" అన్నాడు డ్రైవరు కూర్మారావు,
"తెల్లారీసరికి పోర్టు కాడుండాల. బేగి."

క్యాబిన్ ఎత్తాం. ఇంజను నడుస్తోంది.
రెండో సిలిండరు పైపు మొదట్లో సన్నటి చెమ్మ.
నా చెయ్యి దానంతటదే వెళ్ళింది,
పాలగిన్నెకి చిల్లెక్కడుందో తడుముకునే చెయ్యిలాగ.

మేస్త్రి నా మణికట్టు పట్టేశాడు.
ఆ పట్టులో నాలుగు వేళ్ళే ఉన్నాయి.

గోడ మీది పోయినేడాది క్యాలెండరు లాగి
అట్టని పొడుగు కర్రకి కట్టి
పైపు దగ్గరికి జరిపాడు.
చప్పుడు లేదు. కంటికేమీ ఆనలేదు.
డిసెంబరు నెలలో ఒక మంగళవారం
మాయమైంది.

"బండి కట్టీ" అన్నాడు.
ఇంజను ఆగింది. నేను స్పానరు అందుకున్నాను.
"ఆగు. పది నిమిషాలు."
"పది నిమిషాలేటి బావూ!" కూర్మారావు గొంతు లేచింది.
"ఆగింది ఇంజనే. పైపులో వొత్తిడి ఇంకా మెలకువగానే ఉంది."

గడియారానికి ఎదురుగా కూచున్నాం ముగ్గురం.
బ్రష్షుతో నట్టు చుట్టూ మట్టి కడుగుతున్నాను నేను,
విప్పకముందే కడగాలి గనక.
అడక్కుండానే మొదలెట్టాడు మేస్త్రి.

"కాశీబుగ్గలో పనిసేసినప్పుడు.
సూది గుచ్చినట్టు ఒక్క సుక్క. రకతం కూడా రాలేదు.
సిన్నదేలే అన్నాన్నేను. ఇంకెవులూ అనలేదు, నానే అన్నాను.
అన్నం తిన్నాను. తొంగున్నాను.
తెల్లారీసరికి సెయ్యి వంకాయ రంగు.
ఇశాపట్నం పెద్దాసుపత్రిలో కోసి సూస్తే
మోసేతి దాకా డీజిలే.
నీకెప్పుడైనా అలగైతే నొప్పి కోసం సూడకు గుంటా.
ఆ నిమిషానే ఎల్లిపో.
డీజిలు లోపలికెల్లిపోనాదని సెప్పు,
సూది పోటని సెప్పకు."

కూర్మారావు బీడీ తీశాడు,
గోడ మీది రాత చదివి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.
గడియారం ముల్లు దాని పని అది చేసుకుంటోంది.
బ్రష్షు ఎప్పుడు ఆపేశానో నాకు తెలీదు.

తర్వాత చకచకా విప్పాం.
తెరిచిన ప్రతి మూతికీ ఒక ప్లాస్టిక్ టోపీ,
ఈగలు వాలకుండా కూరగిన్నె మీద పళ్ళెం పెట్టినట్టు.
నూలు పోగులు రాలే గుడ్డ దగ్గరికి రానివ్వలేదు.
పాత పైపు చూసి "బాగానే ఉంది కదా, అదే బిగించీయండి"
అన్నాడు కూర్మారావు.
మేస్త్రి దాన్ని తుక్కు డబ్బాలో పడేశాడు.
కొత్త పైపు బిగించే రెంచి
నా చేతికే ఇచ్చాడు.
టక్కుమన్నాక ఆగాను, ఇంకో సగం తిప్పకుండా.

స్టార్టు చేశాక మళ్ళీ అదే అట్ట, అదే కర్ర.
ఈసారి డిసెంబరు మొత్తం మిగిలింది,
ఆ ఒక్క మంగళవారం తప్ప.

డబ్బులిచ్చి కూర్మారావు కాసేపు కదల్లేదు.
"ఆ అట్ట నాకిచ్చీయండి" అన్నాడు.
క్యాబిన్లో పిల్లల ఫొటో వెనక దోపుకుని
రెండు దాటాక వెళ్ళాడు. బేగి అనలేదు.

నేను చీపురు అందుకున్నాను.
లోపల్నించి మేస్త్రి, కళ్ళు మూసుకునే,
"తుడవకు. తడిగుడ్డ ఎట్టు."