తడి ఆరేంత సేపు

మా వంటింటి గట్టు మీద నాపరాయి పరిచినారు.
ఎర్రగుంట్ల వాళ్లం, ఇంకేం పరుస్తాం?
పొడిగా ఉంటే బూడిద రంగు, నోరు మెదపదు.
తడిగుడ్డ వేస్తే మాత్రం
నల్లగా, లోతుగా
గనిగుంత మాదిరి తెరుచుకుంటుంది.

అందులోనే కనపడినాడు దస్తగిరి,
పోయిన పదకొండో రోజు,
నేను సంగటి గిన్నె దించి గట్టు తుడుస్తాంటే.
బుగ్గలు పూరించుకోని ఉన్నాడు.
నీళ్లలో మునిగే ముందు పిల్లోళ్లు
ఊపిరి బిగబడతారే, అట్లా.

అరవలేదు నేను.
గుడ్డ మళ్లీ తడిపినాను.

ఆ బండ తెచ్చింది కూడా వాడే.
ట్రాలీ ఆటోలో దాన్ని నిలబెట్టి, పక్కన తాను నిలబడి,
దెబ్బ తగిలితే ముందు తన వీపుకే తగలాలన్నట్టు.
గట్టు కొలిచి
ఆరడుగుల రెండంగుళాలు అని బండ అడుగున సుద్దతో రాసి,
అమ్మ టీ పెట్టేలోపు
అదే టేపు నా మడమ నుంచి నెత్తి దాకా సాగదీసి
"అయిదూ ఒకటిన్నర. నిన్ను కొయ్యాల్సిన పన్లేదు" అన్నాడు.

అంతే.
తర్వాత మూడు నెలలు
కాలేజీ బస్సు పాలిషింగ్ మిషన్ల మలుపులో నిదానమైనప్పుడు
తెల్లటి దుమ్ములోంచి ఒక చెయ్యి లేచేది.
దానికొక పేరు పెట్టుకునేంత టైం దొరకలేదు మాకు.

వానకు నిండిన పాత గుంతలో
ఎవరిదో గొర్రెపిల్ల పడిందని దిగినాడు.
గొర్రెపిల్ల బతికింది.
ఇప్పటికీ మా వీధిలోనే తిరుగుతుంది.
దాన్ని చూస్తే రాయి తీసుకోవాలనిపిస్తుంది,
మేతా పెట్టాలనిపిస్తుంది.

నలభయ్యో దినం ఫాతెహాకి నాయన పోయొచ్చినాడు.
నేను ఏమవుతానని పోవాల?
ఏడ్చేదానికైనా ఒక వరస ఉండాల మా ఊర్లో.

మే నెల. కొళాయి మూడు దినాలకొకసారి.
తడి ఆరేంత సేపే వాడు.
ఆ ఎండలకు నిమిషం,
ఫ్యాన్ ఆపి ఉక్కపోతలో నిలబడితే నిమిషంన్నర.
చెంబెడు బండకి, గుక్కెడు నాకు.
"ఏందే చౌడేశ్వరీ, గట్టును అరగదీసి చంపుతావా" అంటుంది అమ్మ.

ఎంసెట్ హాల్‌టికెట్ పట్టుకోని చూపించినాను.
నా ఫొటో చూసి నవ్వబోయి
ఆపుకున్నాడు.
నవ్వితే ఊపిరి పోతుంది కదా.

జూన్‌లో ఒక సాయంత్రం వాన పడింది.
మా ఊర్లో వాన అంటే మీకు తెలియదు.
గడపలు, మెట్లు, కాలవ మీద పలకలు,
చేన్ల చుట్టూ పాతిన కడీలు,
ఊరు ఊరంతా ఒక్కసారి నల్లబడింది.
చెప్పుల్లేకుండా ఉరికినాను,
వాడి మొహం తొక్కకుండా
మట్టి ఉన్న చోటే వెతికి అడుగేస్తా.

వాళ్ల మెట్టు మీద హుసేనమ్మ కూర్చోనుంది,
కొంగు నెత్తిన కప్పుకోని, కిందికి చూస్తా.
నన్ను చూసి ఎవరని అడగలేదు.
కాళ్లు కొంచెం పక్కకు జరిపింది.

"ఇడిసిపెట్టు నాయనా, ఊపిరి ఇడిసిపెట్టు అని
ఏడు నెల్లుగా చెప్తాండా.
నా మాట యినడు.
నువ్వు చెప్పు పాపా."

వంగినాను.
ఏం చెప్పినానో ఇక్కడ రాయను.
రెండే మాటలు, అందులో ఒకటి వాడి పేరు.

బండ మీద ఒక బుడగ లేచి పగిలింది.
వాన బుడగే కావొచ్చు.
హుసేనమ్మ నా మణికట్టు పట్టుకుంది,
గాజులు చిట్లేంత గట్టిగా.

ఇప్పుడు గట్టు తుడిస్తే
తడి, నలుపు, నా మొహం.
ఆరిపోతుంది. ఆరిపోనిస్తాను.

ఒక్కోసారి బండ కింద తడుముతాను,
వేళ్లకు కొంచెం సుద్ద అంటుతుంది.
ఆ చేత్తోనే పోయి గొర్రెకు అరటితొక్కలు పెడతాను.
బాగా బలిసింది, దొంగది.