మూడో ఝాము హాజరు

కొరుక్కుపేట తెలుగు బడిలో
నా నాలుగో తరగతికి తొమ్మిది మంది.
పేరు పిలుస్తాను. "ఉన్నాను టీచర్" అంటారు.
ఇంకో మాట అననివ్వను.

ఆ ఇంకో మాట మా జేజిది.
రాత్రి పదకొండుకొకసారి, మళ్ళీ మూడింటికి
కళ్ళు మూసుకునే లేచి కూర్చుని
వాళ్ళ నాయన గొంతుతో అనేది,
"హాజరు దొరా."

కావడి సుంకన్నది ఉప్పు గాడిదల ఇల్లు.
ఉప్పు రైలెక్కిపోయింది, గాడిదలు మిగిలాయి.
ఊరూరా తిరిగేవాళ్ళకి
తిరగడమే నేరమని చట్టం రాశారు.
కడుపులో ఉన్న బిడ్డకీ అంటింది ఆ నేరం,
పుట్టుమచ్చ కన్నా ముందే.

పల్లావరం కొండ అవతల కంచె వేసి
లోపల బడి కూడా కట్టారు లెండి.
మొదటి రోజు పలక మీద ఓనమాలు కాదు,
"నేను దొంగిలించను", పదిసార్లు.
జేజి గుండ్రంగా రాసింది.
ఆ చేతిరాతే నాకొచ్చింది.

ఎరుకల మాట ఒకటి నోరు జారితే
నాలుక మీద ఉప్పుగల్లు పెట్టి
కరిగేదాకా ఎండలో నిలబెట్టేవాళ్ళట.
ఉప్పు తోలినోళ్ళ బిడ్డకి
ఉప్పు!
చెప్తూ నవ్వేది. నాకు ఆ భాషలో
నీళ్ళడగడం కూడా రాదు.

ఎరుక చెప్పే మా వాళ్ళ గురించి
అంతా ఎరిగిన పుస్తకం ఎగ్మూరులో ఉందంటే
ఒక పూట సెలవు పెట్టి వెళ్ళాను.
సుంకన్న. అయిదడుగుల మూడంగుళాలు.
ఎడమ చెవి కొస లేదు.
జేజి ఎన్నడూ చెప్పలేదు ఆ చెవి సంగతి,
గాడిదే కొరికిందో, ఇంకెవరో.
కింద బొటనవేలు, నల్లగా,
ఇప్పుడే నొక్కి లేచి వెళ్ళినట్టు.
నా వేలు పక్కన పెట్టబోతే
"తొడాదీంగమ్మా" అన్నాడు గుమాస్తా,
మెత్తగానే.

ఈరోజు చెంగల్రాయుడు రాలేదు.
వాళ్ళ నాయనకి జ్వరమట, మూడు చక్రాల బండి తొక్కుతూ
తండయారుపేట సందుల్లో
"ఉప్పేయ్" అని అరుస్తున్నాడట, పదేళ్ళవాడు.
బడికి రావాలి వాడు. రేపు ఇంటికెళ్ళి అడుగుతాను,
అరుస్తాను కూడా.

కానీ వాడి పేరు పక్కన గడిలో
ఎర్ర సిరా పెట్టబోయి
చెయ్యి ఆగింది.
హెడ్మాస్టరు సంతకానికి పట్టీ అడుగుతున్నాడు.
ఆ ఒక్క గడి
ఇంకా ఖాళీగానే ఉంది.