ఏడో బల్ల బాకీ

కాగితం మీద ఎందుకు రాసుకోవు అని అడుగుతున్నావు, లుద్మిలా.
పెన్ను జేబులోనే ఉంది, చూడు.
నలభై ఎనిమిదేళ్ళుగా, బోయెదో పేటలోని ఈ కఫేలో
ఆర్డరు నా చెవిలో పడి
తిన్నగా కాళ్ళలోకి దిగుతుంది.

పని నేర్పిన ముసలి బెనిగ్నో చెప్పేవాడు:
మాటని పట్టుకోకురా, జారిపోతుంది.
మనిషిని చూడు. మనిషిని కుర్చీకి కట్టెయ్.
అంతే నా చదువు.

గోడవైపు బట్టతల: చక్కెర లేని కాఫీ,
ఆ చేదు ముందే అతని కనుబొమల్లో ఉంది.
స్తంభం దగ్గర ఎర్ర శాలువా: పాలెక్కువ.
అద్దం కింద ఇద్దరు లాయర్లు:
ఒకరికి నిమ్మతొక్క వేసిన సోడా, ఒకరికి జున్ను,
ఇద్దరికీ కలిపి ఒక కీచులాట.
పదకొండు నోళ్ళు ఒకేసారి తెరుచుకున్నా
వంటింటి కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని
గదంతా ఒకసారి నడిచొస్తాను.
ఏ కుర్చీ పాఠం ఆ కుర్చీ అప్పజెబుతుంది.

డబ్బు గల్లాపెట్టెలో పడిందా,
ఇక ఏమీ ఉండదు.
ఆ ఎర్ర శాలువా ఏం తాగింది?
నాకేం తెలుసు!
తీరిన పద్దుని ఎవరు మోస్తారు?

మొన్న నీ స్నేహితులు ఎనిమిదిమంది
నేను వీపు తిప్పగానే కుర్చీలు మార్చుకున్నారు.
కోకో అడిగినవాడి ముందు బీరు పెట్టాను,
బీరు పిల్ల ముందు పుదీనా టీ.
వాళ్ళు పగలబడి నవ్వారు.
నువ్వు నవ్వలేదు, ఏదో గీసుకున్నావు.
ఎన్ని తప్పులు? అయిదా?
సిగ్గు కాదు నాకు వేసింది,
భయం.
ఆ తప్పు ఇదివరకొకసారి చేశాను.

డెబ్భై ఏడు. జులై. మాకది చలికాలం.
ఏడో బల్ల, కిటికీ పక్కన
నా ఈడు కుర్రాడు.
కోటుకి ఒక బొత్తాం వేరే రంగు దారంతో కుట్టి ఉంది.
పాలచుక్క కాఫీ, ఒక తీపిరొట్టె, గ్లాసుడు నీళ్ళు.
ట్రేతో వచ్చేసరికి
కుర్చీ వెనక్కి తోసి ఉంది.
బయట ఆకుపచ్చ కారు తలుపు మూసుకుంటోంది.
కఫేలో ఒక్క తలా లేవలేదు.
తుడిచెయ్, అన్నాడు బెనిగ్నో.
బల్లని అనుకున్నాను.

అక్టోబరులో ఒకావిడ ఫోటోతో వచ్చింది.
సముద్రం ఒడ్డున, చొక్కా లేకుండా,
జుట్టులోంచి నీళ్ళు కారుతూ నవ్వుతున్న కుర్రాడు.
ఎప్పుడైనా చూశావా బాబూ?
చూశాను. ఫోటోని కిటికీ వెలుగుకి పట్టి మరీ చూశాను.
ఒట్టు, అబద్ధం ఆడలేదు.
సముద్రానికి నా దగ్గర కుర్చీ లేదు.
లేదమ్మా, అన్నాను.

ఆవిడ వెళ్ళాక
ఏడో బల్ల మీద కప్పులు ఎత్తడానికి వంగాను.
ఎవరో కుర్చీ వెనక్కి తోసి వెళ్ళారు, సరిగ్గా అలాగే.
పాలచుక్క. రొట్టె. నీళ్ళు.
వేరే రంగు దారం,
దారం పైన మెడ,
మెడ పైన ఫోటోలోని ముఖం, నవ్వకుండా.
చేతిలో ట్రేతోనే పరిగెత్తాను.
మూల మీద బస్సు పొగ ఉంది.
ఆవిడ లేదు.
మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఎన్ని వేల కాఫీలు, అన్నీ పోయాయి.
మా పెళ్ళిరోజు కూడా మా ఆవిడ గుర్తుచెయ్యాలి.
ఇదొక్కటే
చల్లారకుండా నాలుక కింద కూర్చుంది.
అతని పేరడిగితే చెప్పలేను.
రొట్టె కొసలు కరకరలాడాలన్నాడని చెప్పగలను.

నీ నోటుబుక్కులో దీనికి గడి ఉందా?
ఉంటే ఏమని రాస్తావు, ఒప్పనా, తప్పనా?

సరే, పొద్దుపోతోంది. ఏం తాగుతావు?
ఆగు, ముందు కూర్చో.
ఎక్కడైనా సరే, నీ ఇష్టం.
కూర్చున్నాక మాత్రం
నేను వచ్చేదాకా లేవకు.