సున్నం

ఎవరు పెట్టారో ఆ పేరు.
పుట్టినప్పుడు తెల్లగా ఉండేదట.
చెంగలరావుపేటలో ఏదీ ఎక్కువ రోజులు తెల్లగా ఉండదు,
పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే చాలు
దండెం మీద చీరా, మూత పెట్టని పెరుగూ, దీని వీపూ
ఒకటే బొగ్గు రంగు.
వేలితో వీపు మీద పేరు రాయొచ్చు.
రాశాను ఒకసారి.
దులుపుకుంది,
అంతా నా కళ్ళల్లోకే.

రోషం తెలీదు దీనికి.
రొయ్యపొట్టు తిన్న పొద్దున
చీపురు తిరగేసి ఒక్కటిచ్చాను.
నాలుగు గజాలు పరిగెత్తి, ఆగి, వెనక్కొచ్చి
నన్నేమీ అనలేదు,
చీపురు కేసి మొరిగింది.

గ్యాస్ బండల కుర్రాడంటే పడదు,
ఆరేళ్ళుగా అతనే తెస్తున్నాడు.
విప్పిన గొడుగంటే పడదు.
దీపావళికి ఈ పౌరుషమంతా
మా మంచం కింద, బియ్యం డబ్బా వెనక
వణుకుతూ దొరుకుతుంది.

భూలోకమ్మ చేపల బుట్ట దింపితే
ముందు ముక్కు, తర్వాత తోక,
కుక్క ఆ మధ్యలో ఎక్కడో.
"ఓలమ్మా, ఇది నాకోసం రాదే,
నా బుట్టని మనువాడతాదే" అంటాది.

పడుకునే ముందు మూడు చుట్లు.
సిమెంటు గచ్చు మీద ఏ గడ్డి తొక్కుతున్నావే అంటే
నాలుగోది కూడా తిరిగింది.

మా ఆయనకి షిప్‌యార్డులో నైట్ షిఫ్ట్.
స్కూటరు సందు తిరగక ముందే
దీని చెవులు తిరిగేవి.
విశ్వాసం, అన్నారు ఎదురింటి మాస్టారు,
మెడలో పతకం వేసినట్టు.
నేనూ నమ్మాను.

తర్వాత ఆయన్ని పగటి షిఫ్టుకి మార్చారు.
నెల్లాళ్ళు నాకు తెల్లారి ఆరింటికి మెలకువ,
పక్కనే గురక వినిపిస్తున్నా
గుమ్మం వైపే చెవి.
సున్నం రెండు రోజులే చూసింది.
మూడో రోజు సాయంత్రం
సందు చివర కూర్చుంది,
ఎప్పట్నించో సాయంత్రాలే అయినట్టు.
మాట ఇస్తే కదా తప్పడానికి.
వచ్చే మనిషి వాసన తప్ప
ఏ గడియారమూ దాని మెడకి లేదు.

ఇప్పుడు నిద్రలో కాళ్ళాడిస్తోంది,
గ్యాస్ బండ వెనకాలో, బుట్ట వెనకాలో.
లేపను.
గాలి తిరిగింది,
బట్టలు తియ్యాలి.