పోయింది అనని ఇల్లు

రాత్రి పదకొండున్నర. పెరంబూరు.
ఆఖరి శుభలేఖలో చి.ల.సౌ. పక్కన చుక్క సరిచేసి
సేవ్ చేసి
షట్ డౌన్ నొక్కాను.
తెర నల్లబడింది.
మౌస్ కింద ఎర్రలైటు మాత్రం కదల్లేదు.
డబ్బాలో ఫ్యాను
పక్కగదిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు
అదే పనిగా తిరుగుతోంది.

మూడు వారాలుగా ఇంతే.
బొటనవేలితో బటన్ నొక్కిపట్టి
ఒకటి, రెండు, మూడు, నాలుగు
అని లెక్కపెడితే గాని ఊపిరి వదలదు.
అలా నొక్కిపట్టడం నాకు చేతకాదు.
గొంతు మీద చెయ్యి వేసినట్టుంటుంది.

రిచీ స్ట్రీట్ నుంచి కదిరవన్ వచ్చాడు,
చెవి వెనక స్క్రూడ్రైవరుతో.
ఫాస్ట్ స్టార్టప్ తీసేశాడు.
పవర్ సెట్టింగుల్లో టిక్కులన్నీ తీసి మళ్లీ పెట్టాడు.
బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ మార్చాడు.
ప్రింటరు, స్కానరు, పెన్‌డ్రైవు
ఒక్కొక్క తీగే పీకి
పీకినప్పుడల్లా షట్ డౌన్ చేయించాడు,
పెళ్లింట్లో గొలుసు కనపడకపోతే
ఒక్కొక్కళ్లనే పెరట్లోకి పిలిచి అడిగినట్టు.
ఎవరూ ఒప్పుకోలేదు.

"విండోస్ ఆగిపోయిందక్కా.
ఆ సంగతి బోర్డుకి చెప్పేవాళ్లే లేరు"
అన్నాడు వచ్చీరాని తెలుగులో, టీ ఊదుకుంటూ.
నాలుగొందలు అడిగి
బాగుపడలేదు కదా అని రెండొందలే తీసుకున్నాడు.

మా ఇంట్లో మాత్రం ఎవరు చెప్తారు?
డబ్బాలో బియ్యం అడుగంటితే
నిండుకున్నాయి అంటుంది పిన్ని.
దీపం ఆరితే కొండెక్కింది.
నల్లపూసల తాడు తెగితే పెరిగింది.
గడప దాటేవాళ్లు వెళ్తాను అనకూడదు,
వెళ్లొస్తాను అనాలి.
ఎదురింటి అరవమామి కూడా
పోయిట్టు వరేన్ అనే అంటుంది,
పాల ప్యాకెట్టు కోసం సందు చివరికి పోతూ.

ప్రెస్సు మూసిన రోజు
వరదయ్యగారు మూశాను అనలేదు.
"కొన్నాళ్లు నీ దగ్గర ఉంచమ్మా" అని
ఈ కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి
ఆటో ఎక్కించారు.
ఆరేళ్లయింది.
కీబోర్డు మీద క స్టిక్కరు సగం
ఆయన గోరు అరగదీసిందే.
మొన్న శ్రావణంలో వాళ్ల కోడలు ఫోన్ చేసి
"మామయ్యగారు..." అని ఆగింది.
ఆ పై మాట
తనూ అనలేదు, నేనూ అడగలేదు.
నంబరు ఇంకా ఉంది ఫోన్లో.
చెయ్యను. తీసెయ్యను.

నిన్న రాత్రి వాన.
వ్యాసర్పాడి వైపు ట్రాన్స్‌ఫార్మరేదో పేలింది.
ఫ్రిజ్జు, వీధి దీపం, మౌస్ కింద ఎర్రలైటు
ఒక్క దెబ్బకి.
"కరెంటు పోయింది" అంది పిన్ని
చీకట్లోంచి, ఏ జంకూ లేకుండా.
ఆ ఒక్కదాన్నే మేం పోయింది అంటాం.

కుర్చీలోంచి లేవకుండా విన్నాను,
డబ్బాలో ఏమీ తిరగకపోవడాన్ని.
ఈ గది ఇంత వెడల్పని తెలీదు నాకు.

రెండుంబావుకి వచ్చింది.
ఎవరూ ముట్టుకోకుండానే
బీప్ అని ఒక్క కూత,
మళ్లీ బియ్యం చెరుగుడు,
తెర మీద నేనెన్నడూ మార్చని పేరు:
వరదయ్య.
దాని కింద పాస్‌వర్డు గడిలో
కొట్టుకుంటున్న చిన్న గీత.

పాస్‌వర్డు నాకు తెలుసు.
కాసేపు కొట్టలేదు.